నా వైపు బ్రేకు

అబ్బే, టార్చిలైటు ఎందుకయ్యా! పట్టపగలు, ఇంత ఎండ కాస్తోంది, మామూలు కంటికే కనిపించడంలా? ఆ ముందు టైరు చూడు. బోడిగుండుకీ దానికీ తేడా లేదు. బండి మా ఇంటికొచ్చి పట్టుమని ఏడాదిన్నర కాలేదు. బ్రేకులైతే చెప్పనే అక్కర్లేదు, నొక్కితే చాలు, ఆ కీచుమనే అరుపు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. కొత్త కారు ఇలాగే ఉంటుందా? నువ్వే చెప్పు.

ఊఁ. చెప్పవు. అప్పుడూ అంతే, ఏదడిగినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడివి.

గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను! గేటు తియ్యగానే పట్టేశాను. జుట్టు పోయింది గానీ ఆ నడక ఎక్కడికి పోతుంది? నీ అసలు పేరు అడక్కు, అది నాకు అప్పుడూ గుర్తుండేది కాదు. గోడ! స్కూల్లో అందరం నిన్ను గోడ అనేవాళ్ళం. నేను పక్కన కూర్చుని నేర్పుతూ మెల్లగా రివర్సు చెయ్యరా అంటే మా డ్రైవింగు స్కూలు ప్రహరీగోడని గుద్దిన మహానుభావుడివి. నా కాలు బ్రేకు మీద ఉండబట్టి సగం గోడే పడింది. అలాంటివాడివి ఇవాళ లీజు కంపెనీ తరఫున కార్లు పరీక్ష చెయ్యడానికి వచ్చావంటే నాకు మాత్రం సంతోషం కాదూ?

అలా చేతులు కట్టుకుని నిలబడకు. ఇప్పుడు పరీక్ష నీకు కాదు.

సరే, అసలు సంగతికొస్తాను. ఈ బండి మాది కాదు, నీకు తెలిసిందే, మీ కంపెనీది. మా కోడలికి తన ఆఫీసువాళ్ళు తన పేరు మీద లీజుకి తీసిచ్చారు. మా ఇంట్లోవాళ్ళు ఎవరైనా నడపొచ్చని కాగితంలోనే రాశారు కాబట్టి నేనూ నడుపుతాను. రిపేర్లన్నీ మీరే చూసుకుంటారు, నడిపినవాళ్ళ తప్పయితే మాత్రం మమ్మల్నే పట్టుకుంటారు. అదీ న్యాయమే, నేను కాదనను. ఆ నడిపినవాళ్ళు ఎవరన్నదే నాకు కావాలి. నువ్వు ఒక్క ముక్క రాసిచ్చెయ్, చాలు.

ఎందుకంటావేమిటి? ఇంట్లో గొడవయిందయ్యా.

బండి సర్వీసింగుకి ఇస్తే మీ షెడ్డువాడు ఫోన్ చేశాడు. ఇంత తొందరగా టైర్లూ బ్రేకులూ రెండూ ఎలా అరిగాయండీ, ఎవరో మోటుగా నడుపుతున్నారు అన్నాడు. భోజనాల దగ్గర ఆ మాటే కోడలితో అన్నాను. తిట్టలేదు, ఒట్టు. ‘అమ్మాయ్, నీ కాలు కాస్త బరువు, నేర్పినప్పుడే చెప్పాను’ అన్నాను. ఇందులో తప్పేముంది? దానికి డ్రైవింగు నేర్పింది నేనే కదా! తను చెయ్యి కడుక్కుని వచ్చి, తాళాలు నా కంచం పక్కన పెట్టి, ‘ఇక మీరే నడుపుకోండి’ అని లోపలికి వెళ్ళిపోయింది. కంచంలో అన్నం కూడా వదిలేసింది.

ఆ రోజు నుంచి బస్సే. పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు. తన ఆఫీసు ఇచ్చిన కారు గుమ్మంలో పెట్టుకుని ఎండలో బస్టాపులో నిలబడుతుంది. పంతం! పైగా ఇంట్లో నన్ను అత్తయ్యా అని పిలవడం మానేసింది. ‘కాఫీ ఇమ్మంటారా అండీ. ఫోనొచ్చింది అండీ.’ బ్యాంకులో కౌంటరు వెనకాల కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు.

అదీ నేను పట్టించుకోను. కానీ వాళ్ళిద్దరూ ఇల్లు చూస్తున్నారయ్యా. మా అబ్బాయి మెల్లగా అన్నాడు, ‘కొన్నాళ్ళు విడిగా ఉంటే మంచిదేమో అమ్మా’ అని. టైర్లు అరిగాయని ఎవరైనా ఇల్లు వదిలిపోతారా? ఎక్కడైనా విన్నావా? ఉన్నది ఒక్క కొడుకు. వాళ్ళు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనూ, గోడలూ. నిన్ను అనడంలేదులే, నిజం గోడలు.

అందుకే మీ కంపెనీకి చెప్పి మనిషిని పిలిపించాను. నువ్వు కోడలి తప్పే అని రాసిస్తే, అది చూసి తను ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటే నేనేమైనా ఉరి తీస్తానా? ‘పోనీలే అమ్మాయ్’ అంటాను. అయిపోతుంది. అందరం ఒకచోటే ఉంటాం.

ఇంకా ఫిర్యాదులున్నాయి, రాసుకో. వెనక బ్రేకు లైట్లు. అవి ఆరవు. ఎదురింటావిడ ఎన్నిసార్లు చెప్పిందో, ‘ఏమండీ, మీ కారు వీధిలో పోతున్నంతసేపూ వెనక ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉంటాయండీ’ అని. షెడ్డువాడికి చూపిస్తే బాగానే ఉన్నాయంటాడు. కోడలు నడిపినప్పుడు మాత్రం మామూలుగానే ఉంటాయిట. చూశావా, లోపం ఎంత తెలివైందో! నేను ఎక్కినప్పుడే బయటపడుతుంది.

రెండోది వాసన. మాడు వాసన. నేను కూరగాయల మార్కెట్టు దాకా వెళ్ళొచ్చానంటే చాలు, చక్రాల దగ్గర పెనం మాడినట్టు వాసన. ఇది కంపెనీ లోపమా కాదా?

ఇదిగో, లోపల ఈ పట్టా చూడు. కాలి కింద వేసే రబ్బరు పట్టా. బొక్క! ఇంత మందం రబ్బరుకి బొక్క పడిందయ్యా. ఆ పిల్ల ఎత్తు మడమల చెప్పులేసుకుని తొక్కుతుంది, ఇంకేమవుతుంది! ఏ వైపా? పక్క సీటు వైపు. ఏ వైపైతే ఏంటి, బొక్క బొక్కే కదా.

ఏంటి, టైరు మీద చెయ్యి పెట్టి అలా నిమురుతున్నావు? చెప్పు మరి. అంచులా? రెండు అంచులూ అరిగాయి, మధ్యలో కాస్త నయమా? అంటే మలుపుల్లో విసురుగా తిప్పుతోందన్నమాట. కాదా? మరేంటి? గాలి తక్కువా?

గాలి సంగతి నాకు చెప్పకు. గాలి నేనే చూస్తాను. ఆ పిల్లకి గాలి అంటే పిచ్చి, పెట్రోలు బంకుకి వెళ్ళినప్పుడల్లా టైర్లు రాయిలా కొట్టించుకొస్తుంది. ఇంటికొచ్చాక నేను కాస్త కాస్త వదిలేస్తాను. ఎప్పుడూనా? ఎప్పుడూ అంతే. స్కూలు కారుకి అలాగే చేసేదాన్ని. ఆ బండి ముసలిది, గాలి నిండుగా ఉంటే గుంట గుంటకీ ఎగిరిపడేది, నేర్చుకునేవాళ్ళు హడలిపోయి స్టీరింగు వదిలేసేవాళ్ళు. నువ్వే ఒకసారి వదిలేశావు. మెత్తగా ఉంటేనే బండి మాట వింటుంది.

ఏంటది? తలుపు తీసి ఏం చూపిస్తున్నావు? స్టిక్కరా? ఈ తలుపు పక్కన స్టిక్కరు ఉందని నాకు తెలీదే. ఎంత గాలి ఉండాలో రాసుందా? నా కళ్ళజోడు లోపలుంది. నువ్వే చదువు.

ఊఁ.

సరే, ఇది స్కూలు కారు కాదు, వేరే కారు. ఒప్పుకుంటాను. గాలి సంగతి పక్కన పెట్టు. అది చిన్న విషయం. అసలు విషయం బ్రేకు. అది మాత్రం ముమ్మాటికీ కోడలే.

నమ్మకం లేదా? అయితే కారెక్కు. నా డ్రైవింగు చూసి నువ్వే చెబుదువుగాని. కూర్చో, పక్క సీట్లో. అవును, ఒకప్పుడు నేను కూర్చున్న వైపే. ఇవాళ నువ్వు టీచరువి, నేను స్టూడెంటుని. బెల్టు పెట్టుకో. నీకు ఇప్పటికీ చెప్పాలా!

చూశావా, ఎంత మెల్లగా కదిలిందో. కుదుపుందా? లేదు. ఈ వీధిలో ఎవరైనా నన్ను వేలెత్తి చూపించగలరా? అదిగో స్పీడు బ్రేకరు. చూడు, తెలిసిందా అసలు? నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకదు. మా కోడలైతే దీని మీద దడేల్మనిపిస్తుంది. నా ప్రాణం పోయినంత పనవుతుంది.

బేకరీ మలుపు. ఇక్కడ జాగ్రత్త. సైకిళ్ళు అడ్డం వస్తాయి.

వచ్చిందా వాసన? వచ్చిందిగా! నేను చెప్పలా? రాసుకో, రాసుకో.

అదేంటి, కిందకి చూస్తున్నావు? నేను నడుపుతుంటే నా కాళ్ళు చూస్తావేంటయ్యా? నీకు ఎన్నిసార్లు చెప్పానూ, రోడ్డు చూడమని!

ఎడమకాలా? ఎడమకాలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఎప్పుడూ ఉండేచోటే. ఎక్కడంటే, ఇదిగో, బ్రేకు మీద.

ఉండు. బండి పక్కకి ఆపుతాను.

అలా చూడకు. నొక్కడం లేదు కదా, ఊరికే ఆనించాను. ఆనించడం వేరు, నొక్కడం వేరు. గేర్లు లేని బండి, క్లచ్చు లేదు, ఎడమకాలికి పనేముంది చెప్పు? ఏదో ఒకచోట పెట్టాలి కదా!

దిగు. దిగి వెనక్కి వెళ్ళు. వెనక లైట్లు చూసి చెప్పు. వెలుగుతున్నాయా? ఇప్పుడు కాలు తీశాను. ఆరాయా? ఇప్పుడు ఆనించాను. ఊరికే ఆనించాను, చీమ కూడా చావదు. వెలిగాయా? ఇప్పుడు? ఇప్పుడో? ఇంకొక్కసారి.

సరే, వచ్చి కూర్చో.

ఎదురింటావిడతో ఆ లైట్ల గురించి ఎంత వాదించానో! మీ కళ్ళు పరీక్ష చేయించుకోండి అన్నాను. ఆవిడ చేయించుకుంది కూడాను, పాపం.

నీకు గుర్తుందా, స్కూలు కార్లో మీ వైపు పెడళ్ళన్నీ ఉండేవి. నా వైపు ఒక్కటే. బ్రేకు. నా కుడిమోకాలు ఆ రోజుల్లోనే మొరాయించింది, అందుకని ఎడమకాలు దాని మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. పొద్దున ఎక్కితే చీకటి పడేదాకా అదే. ఒకళ్ళు దిగుతారు, ఇంకొకళ్ళు ఎక్కుతారు, నా కాలు మాత్రం అక్కడే. మీరందరూ నడపడం నేర్చుకుని వెళ్ళిపోయారు. నేను ఆపడం నేర్చుకున్నాను. ఆగు, చూడు, ఇప్పుడొద్దు. ఈ మూడు మాటల మీదే మావాణ్ణి చదివించాను, ఆ ఇల్లు కట్టాను.

ఇంట్లో కూడా అవే మాటలు. మావాడు ఉద్యోగం మారతానంటే ఆగు అన్నాను. కోడలు సాయంత్రాలు ఏదో కోర్సు చదువుతానంటే ఇప్పుడెందుకన్నాను. మేడ మీద గది వేసుకుంటామంటే చూద్దాంలే అన్నాను. చెడ్డ ఉద్దేశంతో కాదయ్యా. ఎదురుగా ఏదో వస్తోందని నాకు ఎప్పుడూ అనిపిస్తూనే ఉంటుంది. ఏమీ రాదు. అయినా అనిపిస్తుంది.

నీ కాలి కింద చూడు. ఆ బొక్క.

ఆ పిల్ల నడుపుతుంటే పక్కన కూర్చునేది నేను కదా. ఎత్తు మడమల చెప్పులన్నాను. ఇంటికెళ్ళి దాని చెప్పులు చూసొస్తానంటే చూడు, అన్నీ చదునువే. ఒకసారి తనే అంది, ‘అత్తయ్యా, మీరు పక్కన అలా లేని బ్రేకుని కాలితో తంతుంటే నాకు చేతులు వణుకుతాయి’ అని. భయం ఉండటం మంచిదే అన్నాను. ఎంత మాటన్నానో చూడు! వణికే చేతులతోనే ఇన్నాళ్ళూ నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికీ, మార్కెట్టుకీ, చెల్లెలింటికీ తిప్పింది. ఒక్కసారి కూడా ఎక్కడా గీత పడలేదు. బంగారం లాంటి డ్రైవింగు. నేర్పింది నేనే అనుకో. అయినా ఆ మాట దానితో ఎప్పుడూ అనలేదు.

పద, ఇంటికి పోదాం. నువ్వు నడుపు. ఏం ఫర్లేదు, గోడలేవీ లేవు ఈ దారిలో. నా రెండు కాళ్ళూ సీటు కిందకి ముడుచుకుని కూర్చుంటాను.

జాగ్రత్త, సైకిలు!

చూశావు కదా. ముడుచుకుని కూర్చున్నా కాలు ఆగదు.

ఇదిగో గోడా, ఒక మాట. నువ్వు నా స్టూడెంటువి. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. గోడ పడగొడితే కూడా మా మేస్త్రీతో నేనే కట్టించుకున్నాను. ఆ రిపోర్టులో కంపెనీ లోపం అని రాసెయ్యకూడదూ? ఎవరికి నష్టం? కోడలి తప్పూ లేదు, నా తప్పూ లేదు. అందరి మర్యాదా నిలుస్తుంది. ‘పాపం, పాడు బండి అంటగట్టారు’ అనుకుంటూ అందరం కలిసి మీ కంపెనీని తిట్టుకుంటాం. ఇంట్లోవాళ్ళు కలిసి తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలయ్యా.

కాదనవు, ఔననవు. ఆ పెన్ను అలా పట్టుకుని కూర్చుంటావు. అప్పటికంటే తెలివైనవాడివయ్యావు.

వద్దులే. అలా రాస్తే నేను దానికి సారీ చెప్పే పని తప్పుతుంది. తప్పితే చెప్పను, నా సంగతి నాకు తెలుసు. చెప్పకపోతే తను ఎందుకుంటుంది ఈ ఇంట్లో? నా పేరే రాయి. ‘పెద్దావిడ, ఎడమకాలు బ్రేకు మీద పెట్టుకుని నడుపుతుంది, టైర్లలో గాలి తీసేస్తుంది’ అని స్పష్టంగా రాయి. డ్రైవింగు టీచరు అని మాత్రం రాయొద్దు. సరే, అదీ రాసుకో. రాసేవాడివి పూర్తిగా రాయి.

ఇక్కడ ఆపు. గేటుకి ఇంకాస్త దూరంగా. ఆఁ, చాలు. బాగానే ఆపావు.

అదిగో, వస్తోంది. బస్టాపు నుంచి నడిచి వస్తోంది చూడు, భుజాన బ్యాగు, మొహమంతా చెమట. నువ్వెక్కడికి? కదలకు. ఇక్కడే నిలబడు. పక్కన ఎవరైనా ఉంటే నేను మాట మార్చలేను. తాళాలు ఇలా ఇవ్వు.

అమ్మాయ్! ఒక్క నిమిషం ఇలా రా. నీతో ఒక మాట చెప్పాలి. ఈ అబ్బాయి లీజు కంపెనీ నుంచి వచ్చాడు. లోపలికి వెళ్ళకు, ఇక్కడే విను. నీ తప్పు కాదమ్మా. నాది.

విన్నావుగా గోడా, అంతా. నీ ఎదురుగానే చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు, గాలీ, కాలూ, పట్టా, ఎదురింటావిడ కళ్ళతో సహా. తను నవ్వింది చూశావా? ఆ పట్టా బొక్క దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేక నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. నా చెయ్యి కూడా పట్టుకుంది. అత్తయ్యా అంది. నాకు స్పష్టంగా వినిపించింది, ‘పోనీలెండి అత్తయ్యా’ అంది.

ఆ తరవాతది కూడా విన్నావుగా.

‘ఇల్లు మాత్రం ఖాయం చేసుకున్నాం అత్తయ్యా. ఒకటో తారీఖుకి వెళ్ళిపోతున్నాం.’ ఎంత నెమ్మదిగా చెప్పిందో! ఒక్క కుదుపు లేదు. తాళాలు తీసుకుంది, మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. ఆదివారాలు వచ్చి నన్ను బయటికి తీసుకెళ్తుందట. వెనక సీట్లో కూర్చోమంది. మంచి పిల్ల. నేనేమనగలను? ఆగు అనలేదు, నువ్వే సాక్షి. నోటిదాకా వచ్చింది, అనలేదు.

రాసేశావా? ఏదీ, సంతకం ఎక్కడ పెట్టాలి?

ఏంటి, మళ్ళీ కిందకి చూస్తున్నావు?

ఓ, కాలా!

నొక్కనియ్యవయ్యా. ఇది ఒట్టి నేల, అరిగేదేం లేదు.